ముందు వరుసకు ఒక సంచీ రక్తం

ఇది ఒక మహాయుద్ధపు కథ. రెండు సేనలు, ఒక సింహాసనం, దాని కోసం ధారపోసిన రక్తం, చివర్లో ఒక వృద్ధుడి త్యాగం, అన్నీ ఉన్నాయి. ఓపికుంటే పర్వాలు పర్వాలుగా రాయొచ్చు.

కాకపోతే సేనలంటే ఖరగ్‌పూర్‌లో మా రైల్వే కాలనీకి చెందిన రెండు ఫుట్‌బాల్ జట్లు. సింహాసనమంటే గ్యాలరీలో ఒక సిమెంటు మెట్టు. దానికీ ఒక మూల పెచ్చు ఊడింది. రక్తం మాత్రం నిజమే. అది నాది. నర్సు ఒక్క చుక్క కింద పడకుండా ప్లాస్టిక్ సంచీలోకి పట్టింది. త్యాగం సంగతి చివర్లో చూద్దాం. దాని మీద నాకింకా అనుమానాలున్నాయి.

సింహాసనం మా పెదనాన్నది. ఆయన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ఫిట్టరుగానే రిటైరయ్యాడు. మధ్యలో జీవితంలో జరిగినవన్నీ నీలం జట్టు గెలుపోటముల పక్కన పెట్టి గుర్తుంచుకుంటాడు. మా పెద్దమ్మతో పెళ్ళి ఏ సంవత్సరమని అడిగితే, ఆ ఏడు సెమీఫైనల్లో రిఫరీ చేసిన అన్యాయం దగ్గర మొదలుపెడతాడు. పెళ్ళి దాకా రావడానికి చాలాసేపు పడుతుంది.

మా గ్రౌండులో గ్యాలరీ అంటే నాలుగు సిమెంటు మెట్లు, వాటిలో ఒక ముక్క మీద మాత్రం రేకుల కప్పు. ఆ రేకుల కింద, ముందు వరుసలో, మధ్యగీతకు ఎదురుగా ఉన్న చోటు పెదనాన్నది. ఎవరిచ్చారంటే ఎవరూ ఇవ్వలేదు. తువ్వాలు వేశాడు, అంతే. రైల్వే ఊరు కదా, జనరల్ బోగీ కిటికీలోంచి కర్చీఫు విసిరి సీటు పట్టే పద్ధతిని మావాళ్ళు గ్రౌండు దాకా తెచ్చారు. రెండు జట్లూ తలపడే రోజును మా దగ్గర డెర్బీ అంటారు. ఆ పొద్దున్నే పెదనాన్న నీలం తువ్వాలు తీసుకెళ్ళి అక్కడ పరిచి వస్తాడు. ఆట మొదలయ్యే దాకా కాకులు తప్ప దాన్నెవరూ ముట్టరు. పక్కనే ఆయన స్నేహితుల తువ్వాళ్ళు కూడా వరసగా ఉంటాయి. అందరూ రిటైరైనవాళ్ళే, అందరికీ మోకాళ్ళ నొప్పులే. ఆ వరుసకు ఎవరూ మెట్లెక్కి రానక్కర్లేదు, ఎండ పడదు. భక్తి అంటే అదే.

నేను మాత్రం రెండో జట్టువాణ్ణి. వాళ్ళ జెర్సీ మీద చారలుంటాయి కాబట్టి చారల జట్టు అంటాం. మా ఇంట్లో ఇది మతం మారినంత విషయం. దీనికి నా దగ్గర గొప్ప సిద్ధాంతమేమీ లేదు. చిన్నప్పుడు ఆట చూడ్డానికి వెళితే వాళ్ళ గోల్‌పోస్టు వెనక వాటర్ ట్యాంకు నీడ పడేది. అక్కడ నిలబడ్డాను. మిగతా విశ్వాసమంతా తర్వాత పెరిగింది.

ఈ శాంతిని చెడగొట్టింది సేవాభావం.

బెంగాల్లో క్లబ్బన్నాక ఏడాదికోసారి గుడారం వేసి రక్తదాన శిబిరం పెట్టాల్సిందే. ఇదివరకు రక్తమిచ్చినవాళ్ళకు టిఫిన్ డబ్బానో గోడ గడియారమో ఇచ్చేవారు. మా పెద్దమ్మ వంటింట్లో పప్పులు పోసుకున్న డబ్బాల్లో సగం ఎవరెవరి రక్తంతోనో వచ్చినవే. తర్వాత బ్లడ్ బ్యాంకువాళ్ళు బహుమతులు ఇవ్వకూడదన్నారు. గడియారం లేదనగానే జనంలో దానగుణం కాస్త నెమ్మదించింది. గుడారంలో కుర్చీలు ఎక్కువ, చేతులు తక్కువ.

అప్పుడు నీలం జట్టుకు కొత్త సెక్రటరీ వచ్చాడు. ప్రేమ్ బజార్లో జిరాక్స్ షాపు నడిపే కుర్రాడు. జట్టంటే గోల్స్ కొట్టడమే కాదు, సమాజానికి ఏదైనా చేయాలి అనేవాడు. ఆ సీజన్లో నీలం వాళ్ళు గోల్స్ కొట్టడం లేదు కాబట్టి ఆ మాట అందరికీ నచ్చింది. ఈసారి శిబిరానికి అతను ఒక ఉపాయం చేశాడు. డబ్బాల్లేవు, గడియారాల్లేవు. డెర్బీ రోజు రేకుల కింద ముందు వరుస రక్తదాతలకే. ఒక సంచీకి ఒక పాసు.

ఈ ప్రకటనను మైకులో మూడు భాషల్లో చదవాలి. బెంగాలీలో సెక్రటరీ చదివాడు, హిందీలో అతని తమ్ముడు చదివాడు. తెలుగు మైకు ఎప్పట్నుంచో మా పెదనాన్నది. మైకు చేతికిస్తే ఆయన గొంతు పెరుగుతుంది, బుర్ర ఆగుతుంది. గట్టిగా, స్పష్టంగా, ఒక్కో మాటా విడదీసి చదివాడు. "డెర్బీ రోజు... రేకుల కింద... ముందు వరసలోన... రగతం ఇచ్చినోల్లకే సోటు. మిగతావోల్లు... దయసేసి... యెనక్కి ఎల్లగలరు." చప్పట్లు పడ్డాయి. మైకు తిరిగిచ్చాడు. వచ్చి తన చోట కూర్చున్నాడు. అప్పుడు అర్థమైంది.

ఆయనకు అరవై అయిదు దాటి చాలాకాలమైంది. ఆ వయసు దాటితే రక్తం తీసుకోరు. పైగా సుగరు. తన సీటుకు తానే మూడో భాషలో తలాక్ చెప్పుకున్నాడు.

శిబిరానికి ముందురోజు, శనివారం సాయంత్రం, మలంచాలో మా ఇంటికొచ్చాడు. పాసును ఇంట్లోవాళ్ళకు ఇచ్చుకోవచ్చని సెక్రటరీని అడిగి తెలుసుకునే వచ్చాడు. ఆయన పిల్లలిద్దరూ వేరే ఊళ్ళలో ఉన్నారు. మా నాన్నకు బీపీ మాత్రలు. ఇక ఇంట్లో పనికొచ్చే రక్తమున్నది నేనొక్కణ్ణే. ఇండస్ట్రియల్ పార్కులో షిఫ్టు చేసి వచ్చి మంచం మీద వాలి ఉన్నాను. వచ్చీ రాగానే నా మోచేయి పట్టుకుని, బెండకాయ లేతదో ముదురో చూసినట్టు నొక్కి చూశాడు.

"నరం బాగానే కనిపిస్తందిరా."

"పెదనాన్నా, నేను చారల జట్టు."

"అయితే ఏటి? రగతంలోన సారలుంటాయేటి?"

"సూదంటే భయం."

"మీ పెద్దమ్మకీ భయమే. ఇద్దరు పిల్లల్ని కనలేదా?"

 ఈలోగా మా అమ్మ వంటింట్లోంచి, "ఇచ్చీరా. నీ రగతం ఒంట్లో ఉండి సేసిందేటుంది?" అంది. సభ ముగిసింది.

ఆయన గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. "ఒరే, ఆ సోటు పోతే నాను ఎండలోన నిలబడాల. మోకాళ్ళు ఆగవు. ఆగకపోతే ఇంట్లో కూకోవాల. ఇంట్లో కూకుంటే ఇంకేటి మరి, అంతే." ఆ 'అంతే'లో ఏముందో నాకు కొంచెం అర్థమైంది. అర్థమైనట్టు కనిపించకూడదని, స్కూటర్‌లో పెట్రోలు ఉందా అని అడిగాను.

ఆదివారం పొద్దున్న పెదనాన్న ఇంట్లో పెద్దమ్మ ఉప్మా చేసి పెట్టింది. నేను ప్లేటు అందుకోబోతే ఆయన గిన్నె మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టాడు.

"రగతం ఇచ్చే ముందల తింతావేటి? బుద్ధుందా?"

ఇక్కడ మా కాలనీ సంగతి ఒకటి చెప్పాలి. మావాళ్ళకు రక్తమంటే రైల్వే ఆసుపత్రి. రైల్వే ఆసుపత్రి అంటే సుగరు పరీక్ష. సుగరు పరీక్షంటే ఖాళీ కడుపు. తరతరాలుగా సూది ఎక్కడ కనిపించినా మావాళ్ళు టిఫిను మానేస్తారు. పెద్దమ్మ టీ ఇవ్వబోతే అదీ వద్దన్నాడు. నీళ్ళు మాత్రం సగం గ్లాసు, అదీ గుడిలో తీర్థం పోసినట్టు పోశాడు.

గుడారం దగ్గర జనం పోటెత్తి ఉన్నారు. ముందు వరుస మహిమ. పక్కింటివాడికి నిచ్చెన అరువివ్వనివాళ్ళు కూడా చొక్కా చేతులు మడిచి నిలబడ్డారు. లైన్లో చాలాసేపు నిలబడ్డాక మా వంతు వచ్చింది. డాక్టరమ్మ నా బరువు చూసి, వేలు పొడిచి, "ఏం తిని వచ్చావ్?" అని బెంగాలీలో అడిగింది.

నేను నోరు తెరిచేలోగా పెదనాన్న ఛాతీ పొంగించి, "ఖాలీ పేట్, మేడమ్. రాత్రి నుంచి ఏమీ లేదు. ఏక్‌దమ్ సాఫ్," అన్నాడు. ఇంజను ఓవరాలింగు చేసి అప్పగిస్తున్న గొంతు అది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఖాళీ కడుపుతో రక్తం తీస్తే కళ్ళు తిరిగి పడిపోతారని, వెళ్ళి కడుపునిండా తిని, కాసేపు ఆగి రమ్మని చెప్పింది. పెదనాన్న ఆమె వైపు చూసిన చూపు నేనింతకుముందు ఒక్కసారే చూశాను. ఆఫ్‌సైడ్ అని గోల్ రద్దు చేసినప్పుడు.

ఇంటికొచ్చి చల్లారిన ఉప్మా తిన్నాను. కాసేపు ఆగాం. తిరిగి వెళ్ళేసరికి బ్లడ్ బ్యాంకువాళ్ళు తెచ్చిన సంచీలన్నీ అయిపోయి, మంచాలు మడుస్తున్నారు. శిబిరం మరీ విజయవంతమైంది. సెక్రటరీ ఫొటోలకు నిలబడ్డాడు. పెదనాన్న అక్కడే ఒక కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీలవాడు వచ్చి లేవమని, దాన్ని కూడా మడిచి తీసుకెళ్ళాడు.

ఇంకెవరైనా అయితే ఇక్కడ ఆగిపోయేవారు. నేను ఆగుదామనే అన్నాను. కానీ రెండు రోజులకు చారల జట్టు కూడా శిబిరం ప్రకటించింది, డెర్బీకి ముందురోజు శనివారమే. సమాజం మీద వాళ్ళకున్న ప్రేమ ఎంతో నాకు తెలియదుగానీ, నీలం వాళ్ళకంటే ఒక్క సంచీ అయినా ఎక్కువ పట్టాలన్న పట్టుదల మాత్రం గట్టిది. పాసు లేదు, వరుస లేదు. అరటిపండు, ఉడకబెట్టిన గుడ్డు, అంతే. అయినా మా వీధిలో చారల అభిమానులంతా పేర్లు ఇచ్చేశారు. ఒక జట్టు మనిషిని మంచివాణ్ణి చేయగలదా అంటే ఏమో. అవతలి జట్టుకంటే కాస్త మంచివాణ్ణి మాత్రం చేయగలదు.

పెదనాన్న జిరాక్స్ షాపుకెళ్ళి సెక్రటరీని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇంకోచోట ఇస్తే పాసు ఇస్తావా?"

"ఎక్కడ, కాకు?" అన్నాడు సెక్రటరీ, బెంగాలీలో బాబాయి వరస కలిపి.

ఆ జట్టు పేరు పలకలేక పెదనాన్న గ్రౌండు అవతలి వైపుకు గడ్డంతో చూపించాడు.

సెక్రటరీ నవ్వాడు. "వ్యాను అదే, డాక్టరు ఆమే, సంచీ అదే. బ్లడ్ బ్యాంకు కార్డు చూపించు కాకు, పాసు ఇస్తాను. రక్తం ఏ గుడారంలో తీశారని రోగి అడుగుతాడా?"

"రోగి అడగడు," అన్నాడు పెదనాన్న, బయటికి వచ్చాక, నాతో. "మనోల్లు అడుగుతారు."

శనివారం పొద్దున్న ఆయన పొరపాటును రెట్టింపు ఉత్సాహంతో దిద్దుకున్నాడు. ఇడ్లీలు, వాటి మీద ఉప్మా, దాని మీద గుడ్లు. ఇక చాలంటే, "పడిపోతావు, తిను," అన్నాడు. బెల్టు ఒక కన్నం వదులు చేసుకుని స్కూటరెక్కాను. నీలం తువ్వాలు ఎప్పుడూ భుజం మీదే ఉండేది. ఆ రోజు స్కూటరు డిక్కీలో పెట్టి తాళం వేశాడు.

చారల గుడారం ముందు మమ్మల్ని మొదట చూసింది వర్క్‌షాపులో ఆయన పక్క బెంచీ మీద పనిచేసిన ముసలాయన. ఆయనదీ మాలాగే శ్రీకాకుళం వైపే. ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తిన్నారు, ఆదివారాల్లో ఒకరి వంశాన్నొకరు తిట్టుకున్నారు.

"ఏటి బావా, దారి తప్పినావా?"

"మావోడికి తోడొచ్చినాను."

"మీవోడు మావోడే కదా. మజ్జిన నీకేటి?"

పెదనాన్న స్కూటరు తాళం జేబులో వేసుకున్నాడు. ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాను. కానీ ఆ ముసలాయన ఒక కుర్చీ లాక్కొచ్చి వేశాడు. లోపలికి కేకేసి టీ తెప్పించాడు. "సుగర్ లేకుండానే. తాగు." పెదనాన్న గ్లాసు పుచ్చుకున్నాడు. చాలాసేపు ఊదుతూనే ఉన్నాడు.

నన్ను మంచం మీద పడుకోబెట్టారు. నర్సు సూది తీసింది. నేను గుడారం పైకప్పులో కుట్లు చూడసాగాను. చేతిలో స్పాంజి బంతి పెట్టి నొక్కుతూ ఉండమంది. ఫుట్‌బాల్ అభిమానిగా నా జీవితంలో బంతి నా అధీనంలో ఉన్నది అప్పుడొక్కసారే.

పక్కన ఇద్దరు ముసలాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"కోడలెలాగుంది?" పెదనాన్న.

"బాగుంది. బిడ్డా బాగుంది. కాన్పప్పుడు రెండు సంచీలెక్కించినారు బావా. పొద్దుట్నుంచీ ఆసుపత్రి మెట్ల మీదే కూకున్నాను నాను." పెదనాన్న వైపు వంగాడు. "ఎవులిచ్చినారో తెలీదు. అదీ మీ శిబిరం అయిన మర్నాడే. మీవోల్లదే అయ్యుంటాది. అప్పుట్నుంచి మీ గోల్‌కీపర్ని తిట్టాలంటే నోరు రాదు."

"వాణ్ణి తిట్టు, పరవాలేదు," అన్నాడు పెదనాన్న. "మేమూ తిడతన్నాం."

ఇలాంటి మాట తర్వాత సినిమాలో అయితే సంగీతం రావాలి. ఇక్కడ జనరేటర్ ఆగి ఫ్యాన్లు నిలిచిపోయాయి. నర్సు సూది లాగి, దూది పెట్టి, చెయ్యి మడవమంది. నేను పడిపోలేదు. అంత తిన్నాక పడిపోవాలన్నా కుదరదు. గుడ్డు మాత్రం వద్దన్నాను. పెదనాన్న తీసుకుని జేబులో వేసుకున్నాడు.

కార్డు చూపించి పాసు తెచ్చుకున్నాడు. ఆదివారం డెర్బీ. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. నేను ఎప్పటిలాగే వాటర్ ట్యాంకు నీడలో నిలబడ్డాను. అక్కణ్ణుంచి రేకుల కింద ముందు వరుస బాగా కనిపిస్తుంది. పెదనాన్న తన చోట తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. సింహాసనం దక్కింది. కథ అయిపోయినట్టే.

కానీ ఆయన చుట్టూ ఎవరున్నారు? చేతుల మీద గుండ్రటి ప్లాస్టర్లతో కుర్రాళ్ళు, ఆట వదిలేసి ప్లాస్టర్లకు ఫొటోలు తీసుకుంటున్నారు. ఆయన స్నేహితులంతా వయసు దాటినవాళ్ళు, సుగర్లవాళ్ళు. వాళ్ళకు నాలాంటి రక్తం దొరకలేదు. గ్రౌండు అవతల ఎండలో, ఇటుకల మీద తువ్వాళ్ళు వేసుకుని కూర్చున్నారు.

పెదనాన్న కాసేపు ఆట చూశాడు. తర్వాత అవతలి ఇటుకల వైపు చూశాడు. మళ్ళీ ఆట. మళ్ళీ ఇటుకలు. ఉన్నట్టుండి లేచి, గ్రౌండు చుట్టూ నడుచుకుంటూ, కుంటుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"రా."

"ఎక్కడికి?"

"రేకుల కిందకి. కూకో."

"పెదనాన్నా, అది నీలం వాళ్ళ ముందు వరుస. నేను చారల జట్టు. నన్ను చంపుతారు."

"రగతం నువ్విచ్చినావు. సీటు నీది."

"నువ్వు కూర్చోడానికే కదా ఇచ్చింది."

"నాను మైకులోన ఏటి సదివినాను? ఇచ్చినోల్లకే అన్నాను. ఇచ్చినోల్ల పెదనాన్నకి అని సదివినానా?" పాసు నా చొక్కా జేబులో పెట్టాడు. "పది మందికీ సెప్పినోణ్ణి నాను. నానే అక్కడ కూకుంటే ఎలాగుంటాదిరా. కూకున్న కాడ్నుంచీ సిమెంటు గుచ్చుకుంటంది."

పెచ్చు ఊడిన మూల గుచ్చుకుంటుందని చెబుదామనుకున్నాను. పాసు జేబులోకి ఇంకాస్త తోసుకున్నాను. తువ్వాలు భుజాన వేసుకుని ఇటుకల వైపు వెళ్ళిపోయాడు. అక్కడ వాళ్ళు జరిగి చోటిచ్చారు. ఎవరో ఆయన నెత్తి మీదికి గొడుగు వంచారు. జేబులోంచి ఏదో తీసి పంచాడు. నిన్నటి గుడ్డు కాకూడదని కోరుకున్నాను.

నేను వెళ్ళి శత్రుసేన సింహాసనం మీద కూర్చున్నాను. రెండో సగంలో చారల జట్టు గోల్ కొట్టింది. నా నోట్లోంచి ఒక శబ్దం బయటికొచ్చింది. దగ్గుగా మార్చబోయాను, కుదరలేదు. వరుసంతా నా వైపు తిరిగింది. గ్రౌండు అవతల్నుంచి, మైకు అవసరంలేని గొంతు ఒకటి వినిపించింది. "ఆడు డోనరే. ఒగ్గీయండి."

వదిలేశారు. పక్కనున్న కుర్రాడు నా ప్లాస్టరు చూసి, తన ప్లాస్టరు చూపించి, శనక్కాయల పొట్లం ఇటు జరిపాడు. తర్వాత నీలం జట్టు గోల్ కొట్టి సమం చేసినప్పుడు నా చేతులు రెండూ ఒకసారి కలిశాయి. అది చప్పట్లా, శనక్కాయ పొట్టు దులుపుకోవడమా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆట అలాగే ముగిసింది. చెరొక గోల్.

సాయంత్రం పెద్దమ్మ టీ పెట్టింది. పెదనాన్న ముఖం ఎండకు కమిలి ఎర్రగా ఉంది.  టీ సగం తాగాక సీటు మాట ఆయనే ఎత్తాడు.

"రెండో డెర్బీకి మల్లా కేంపు పెడతారంట. అప్పుడు మా అందరికీ ఒక్కో కుర్రోణ్ణి సూడాల. ఇచ్చినోల్లు కూకుంటారు, మేం పక్కన కూకుంటాం. అలాగడిగితే సెక్రటరీ కాదనడు." తర్వాత నా మోచేయి వైపు చూశాడు. "నువ్వెలాగూ ఉన్నావు."

జేబులోంచి కార్డు తీసి వెనక్కి తిప్పాను. రెండో డెర్బీ రెండు నెలల్లో ఉంది. కార్డు వెనక అచ్చేసినదాని ప్రకారం, ఒకసారి రక్తమిచ్చినవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే మగవాళ్ళయితే మూడు నెలలు ఆగాలి, ఆడవాళ్ళయితే నాలుగు.